మూడు లక్షల అప్పు, ఒక వైండింగ్ షాపు: 14 నెలల లెక్కల డైరీ

కొండమల్లేపల్లిలో నాది మోటార్ వైండింగ్ షాపు. 2024 జులై 1 నుంచి 2025 ఆగస్టు 31 దాకా మా ఇంటి అప్పు ఎట్లా తగ్గిందో, ఎక్కడ మళ్లీ పెరిగిందో ఇందులో ఉంది. నెలనెలా ఒకే జీతం వచ్చేవాళ్ల కోసం చెప్పే బడ్జెట్ పద్ధతులు మాలాంటి వాళ్లకు కుదరవు. మాకు ఫిబ్రవరి నుంచి మే దాకా బోరు మోటార్లు వరుసగా కాలుతాయి, జులై వచ్చేసరికి పని సగానికి పడిపోతుంది. ఆటో నడిపేవాళ్లకు, దర్జీలకు, మెకానిక్‌లకు పనికొస్తుందని అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టే పెడుతున్నాను. మనుషుల పేర్లు, బ్యాంకుల పేర్లు రాయలేదు.

దశ 0: ముందు కొలత (2024 జులై 1)

కాలిన మోటారు వస్తే కాయిల్ వెంటనే కోయం. టర్నులు లెక్కబెట్టి, మైక్రోమీటరుతో వైరు గేజి చూసి, కనెక్షన్ గీసుకుని అప్పుడు కోస్తాం. రాసుకోకుండా కోస్తే మళ్లీ చుట్టలేం. అప్పుల విషయంలో నేను ఇన్నేళ్లూ ఆ రాసుకునే పనే చేయలేదు.

ఎవరైనా అడిగితే "రెండున్నర లక్షలుంటది" అనేవాణ్ని. కాగితం మీద పెడితే ఇట్లా తేలింది:

1. ప్రామిసరీ నోటు మీద ఊళ్లో తెచ్చింది: 1,00,000
2. క్రెడిట్ కార్డు బాకీ: 62,000 (లిమిట్ 65,000)
3. గిరిగిరి (రోజూ కిస్తీ కట్టే అప్పు), రోజుకు 200 చొప్పున ఇంకా 60 రోజులు: 12,000
4. బ్యాంకులో బంగారం మీద: 80,000
5. నల్లగొండలో వైరు షాపు ఉద్దెర (అరువు): 27,500
6. బావ దగ్గర చేబదులు: 15,000
7. ఫోన్ కిస్తీలు, 1,850 చొప్పున ఐదు: 9,250

మొత్తం బాకీ: రూ. 3,05,750

నోటి లెక్కకు, కాగితం లెక్కకు 55,750 తేడా. అందులో 51,750 నా లెక్కలో లేని చివరి మూడింటిదే. మిత్తి (వడ్డీ) అడగని అప్పులు అప్పుల్లాగా అనిపించవు, అందుకే మనసు వాటిని వదిలేసింది. ఐదో నంబరును మిత్తి లేని అప్పు కింద రాయడం నా మొదటి తప్పు. దాని సంగతి డిసెంబరులో బయటపడింది.

దశ 1: అన్నిటికీ ఒకే కొలమానం

బ్యాంకు ఏడాదికి తొమ్మిది శాతం అంటుంది. ఊళ్లో నూటికి రెండు రూపాయలు అంటారు. కార్డు బిల్లులో నెలకు మూడున్నర శాతం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. గిరిగిరి ఆయన శాతాలు చెప్పడు, "పద్దెనిమిది చేతికిస్తా, నూరు రోజులు రెండు వందలు కట్టు" అంటాడు. ఇవన్నీ పక్కపక్కన పెడితే ఏది ఎక్కువో తెలియదు. అందుకని అన్నిటినీ మనకు అలవాటైన లెక్కలోకే మార్చాను: నూటికి నెలకు ఎన్ని రూపాయలు?

1. బంగారం: ఏడాదికి 9 శాతం, పన్నెండుతో భాగిస్తే 75 పైసలు.
2. నోటు: 2 రూపాయలు.
3. కార్డు: 3.50. ఆ మిత్తి మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే 4.13.
4. గిరిగిరి: చేతికొచ్చింది 18,000, కట్టేది 20,000. మిత్తి 2,000. కానీ ఆ 18,000 నూరు రోజులూ నా దగ్గర ఉండదు, రోజూ తగ్గుతుంది. సగటున 9,000 వాడుకున్నట్టు. తొమ్మిది వేల మీద నూరు రోజులకు రెండు వేలంటే నెలకు ఆరున్నర రూపాయలు.

ఈ నాలుగో లెక్క వేసిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. నోటు ఇచ్చిన కాకకు మూడు నెలల మిత్తి ఆపి మరీ గిరిగిరి కట్టిన రోజులున్నాయి. రోజూ గుమ్మం ముందుకొచ్చి నిలబడేవాడికి ముందు, అడగనివాళ్లకు తర్వాత కట్టడమే నా పద్ధతి. పలుచగా ఉన్న మిత్తిని ఆపి చిక్కటి మిత్తిని మేపుతున్నానని తెలియలేదు.

దశ 2: ముప్పై ఒక్క రోజుల ఖర్చు (జులై)

చేసింది ఇంతే:

1. రెండు రూపాయల పెన్ను, జేబులో పట్టే పుస్తకం. ఖర్చు పెట్టిన చోటే రాయడం. రాత్రికి గుర్తు చేసుకుని రాస్తే తప్పుతుంది, మొదటి వారం అట్లాగే తప్పింది.
2. ఏ ఖర్చూ ఆపలేదు. కొలిచేటప్పుడు లోడు మార్చకూడదు.
3. నెలాఖరున గుర్తురాని మొత్తాన్ని "ఏమో" అని విడిగా రాయడం.

కిరాణా 5,900. పాలు 1,500. కూరగాయలు, ఆదివారం మాంసం 3,200. పెట్రోలు 1,900. రీచార్జిలు 780. మందులు 650. ఏమో 2,870. మొత్తం 16,800. రెండు వందల యూనిట్ల లోపే కాబట్టి గృహజ్యోతి పథకం కింద ఇంటి కరెంటు బిల్లు సున్నా.

"ఏమో" ఎక్కడ పోయిందని ఫోన్‌పే హిస్టరీ తీసి కూర్చున్నాను. 30 రూపాయల లోపు చెల్లింపులు 94 ఉన్నాయి, కలిపితే 2,256. చాయ్, మిర్చి, నీళ్ల సీసా, పిల్లలకు చాక్లెట్. జేబులోంచి నోటు తీస్తే చేతికి తెలుస్తుంది. ఫోను చూపిస్తే తెలియదు.

జులైలో షాపు మిగులు 23,600, ఇంటామె కుట్టుపని 4,500. కలిపి 28,100. అప్పులకు పోయింది 13,150. ఇంటికి 16,800. తక్కువ పడింది 1,850, సరిగ్గా ఒక ఫోన్ కిస్తీ. ఆ 1,850 వైరు కొనడానికి పెట్టిన పైసల్లోంచి తీశాను. అప్పుడు దాన్ని తప్పని అనుకోలేదు.

మొత్తం బాకీ, జులై 31: రూ. 2,97,160

దశ 3: సిబిల్ రిపోర్టు, పాత బండి లోను

ఎవరు ఏ లోను ఎట్లా కడుతున్నారో లెక్క పెట్టి స్కోరు ఇచ్చే సంస్థలు మన దేశంలో నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ఒక్కో సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వాళ్ల సొంత వెబ్‌సైట్లోనే తీసుకోవచ్చు, ఎవరికీ 500 ఇవ్వాల్సిన పని లేదు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. లోను కోసం అప్లై చేసినప్పుడు వాళ్లు చూస్తేనే అది ఎంక్వైరీ కింద పడుతుంది.

స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. నాది 611.

స్కోరు కన్నా కింది పేజీలు ముఖ్యం. అక్కడ నాలుగు విషయాలు కనబడ్డాయి. ఒకటి, కార్డు లిమిట్లో 95 శాతం వాడేశాను. రెండు, రెండు నెలల్లో నాలుగు ఎంక్వైరీలు. లోను యాపుల్లో "ఎంతొస్తదో చూద్దాం" అని నొక్కినవి అవి. మూడు, మా మేనమామ కొడుకు ఆటో లోనుకు నేను జమానత్ (హామీ) పెట్టిన సంతకం. ఆయన 64 రోజులు కిస్తీ ఆపితే ఆ 64 నా రిపోర్టులో కూడా పడింది. నాలుగు, 2021లో తీరిపోయిందని నేను నమ్మిన బండి లోను ఇంకా తెరిచే ఉంది, బాకీ 3,240.

జమానత్ గురించి: లోను తీరేదాకా సంతకం వెనక్కి తీసుకోలేం. ఆయన ఇంటికి వెళ్లి గొడవ పెట్టుకోలేదు. రిపోర్టు ప్రింటు చూపించి, "తమ్మీ, నువ్వు ఆపితే నాకు పడుతుంది, చూడు" అన్నాను. తన కిస్తీ ఆలస్యం నా పేరు మీద ఉంటుందని ఆయనకూ తెలియదు. ఆగిన పాత కిస్తీలు తీర్చడానికి ఆయనకు నవంబరు దాకా పట్టింది. అప్పటి నుంచి ప్రతి నెలా ఏడో తారీఖున కట్టిన రసీదు ఫొటో పంపిస్తున్నాడు.

బండి లోనుకు మూడు నెలలు పట్టింది. ఎవరూ ఈ తప్పులు చేయవద్దని వివరంగా రాస్తున్నాను.

జులై 9: వెబ్‌సైట్లో డిస్ప్యూట్ (రిపోర్టులో తప్పుందనే ఫిర్యాదు) పెట్టాను. చివరి కిస్తీ రసీదు ఫొటో జత చేశాను. ఫొటో మసకగా ఉంది, లోను నంబరు సగం మడతలో పోయింది.

ఆగస్టు 5: తిరస్కరించారు. "రుణం ఇచ్చిన సంస్థ ఈ వివరాలు సరైనవేనని చెప్పింది" అని జవాబు. అప్పుడర్థమైంది, స్కోరు ఇచ్చేవాళ్లు సొంతంగా ఏదీ మార్చరు. లోను ఇచ్చినవాళ్లు ఒప్పుకుంటేనే మారుస్తారు.

ఆగస్టు 12: షాపు మూసి నల్లగొండ బ్రాంచికి పోయాను. 2021లో ఒక కిస్తీ బౌన్సయింది. చార్జీ 500, జీఎస్టీ 90, కలిపి 590. అది కట్టలేదు. దాని మీద చార్జీలు పెరిగి పెరిగి 3,240 అయ్యాయి. కౌంటర్లో ఉన్నతను "సగం కట్టండి, సెటిల్మెంట్ చేసేస్తాం" అన్నాడు. వద్దన్నాను. సెటిల్మెంట్ అయితే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, తర్వాత లోను ఇచ్చేవాడు దాన్ని పూర్తిగా కట్టనివాడి కింద చూస్తాడు. మనకు కావాల్సింది "క్లోజ్డ్".

ఆగస్టు 26: రాతపూర్వకంగా అర్జీ ఇస్తే పై చార్జీలు రద్దు చేశారు. 590 కట్టాను. మూడు కాగితాలు తీసుకున్నాను: బాకీ సున్నా చూపించే ఖాతా స్టేట్‌మెంటు, నో డ్యూస్ లెటర్, ఆర్సీ మీద వాళ్ల పేరు తీయడానికి ఫారం 35.

సెప్టెంబరు 3: మళ్లీ డిస్ప్యూట్. ఈసారి స్కాన్ చేసి, లోను నంబరు పైన పెద్దగా రాసి పెట్టాను.

సెప్టెంబరు 27: "క్లోజ్డ్" పడింది.

ఇట్లాంటి ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే, ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నియమం ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు, వివరాలకు ఫోన్ నంబరు 14448. నాకు అంత దూరం పోవాల్సిన అవసరం రాలేదు.

దశ 4: ఆగస్టులో పెద్ద తప్పు

కార్డు మిత్తి 4.13 అని తెలిశాక ఆగలేకపోయాను. ఆగస్టు 6న ఒకేసారి 12,000 కార్డుకు కట్టేశాను. పదిహేను రోజులకు రెండు ఏడున్నర హెచ్‌పీ మోటార్లు వచ్చాయి, వైరుకు చేతిలో పైసల్లేవు. అదే కార్డు గీకి 9,400 వైరు తెచ్చాను.

కార్డు తీసుకున్నప్పుడు "45 రోజులు మిత్తి లేదు" అన్నారు కదా అనుకున్నాను. పాత బాకీ మొత్తం తీర్చనంత వరకు ఆ వెసులుబాటు ఉండదు. కొత్తగా గీకిన దానికి గీకిన రోజు నుంచే మిత్తి పడుతుంది. నెల మొదట్లో 61,460 ఉన్న కార్డు, పన్నెండు వేలు కట్టాక కూడా నెలాఖరుకు 61,400 ఉంది. అరవై రూపాయలు తగ్గింది.

లోపం కార్డులో లేదు. షాపు పైసలు, ఇంటి పైసలు ఒకే గల్లాలో ఉన్నాయి, అసలు లోపం అదీ. వైరు కొనాల్సిన పైసలను లాభం అనుకుని అప్పుకు కట్టాను. మార్చింది:

1. ప్రతి మోటారుకూ జాబ్ కార్డు (షాపు పని చీటీ) మీద వైరు, వార్నిష్, పేపరు ఖరీదు విడిగా రాయడం.
2. రైతు పైసలు ఇచ్చిన నిమిషంలోనే సామాను ఖరీదు వేరే బ్యాంకు ఖాతాలో వేయడం. ఆ ఖాతాకు ఫోన్‌పే లేదు, ఏటీఎం కార్డు ఇంట్లోనే ఉంటుంది.
3. మిగిలిన కూలి మాత్రమే ఇంటికి, అప్పులకు.

ఆగస్టు 29న గిరిగిరి తీరింది. మర్నాడు సాయంత్రం ఆరింటికి అలవాటుగా గల్లాలోంచి రెండు వందలు తీసి పట్టుకున్నాను. కట్టాల్సిన మనిషి లేడు. పక్కన ఖాళీ వార్నిష్ డబ్బా ఉంది, మూతకు కోత పెట్టి అందులో వేశాను. మొత్తం 14 నెలల్లో బాగా పనిచేసిన పద్ధతి ఇదే. గిరిగిరి ఆయనకు ఏడాది పాటు రోజూ కట్టగలిగిన వాణ్ని, నాకు నేను కట్టుకోలేనా? ఆదివారం, పండుగ, వాన, ఏదైనా సరే, ఆరింటికి రెండు వందలు.

మొత్తం బాకీ, ఆగస్టు 31: రూ. 2,89,450
సెప్టెంబరు 30: రూ. 2,84,140 (డబ్బాలోని 6,000 కార్డుకు పోయింది)

దశ 5: దసరా

అక్టోబరులో డబ్బా పగిలింది. బతుకమ్మకు చెల్లెళ్లు వచ్చారు. చీరలు, పిల్లల బట్టలు, యాట కూర, దావత్. 14,300 అయింది. డబ్బాలో ఉన్నది చాలక బావ దగ్గర ఇంకో 5,000 తెచ్చాను.

మొత్తం బాకీ, అక్టోబరు 31: రూ. 2,86,780. ముందు నెల కన్నా 2,640 ఎక్కువ.

దసరా తగ్గించుకోవాలని నేను అనను. ఆడబిడ్డలు ఏడాదికోసారి వస్తారు. తప్పు ఏంటంటే, ఏడాది ముందే తారీఖు తెలిసిన ఖర్చును అనుకోని ఖర్చులా చూడటం. దసరా, సంక్రాంతి, ఉగాది, చెర్వుగట్టు జాతర కలిపి లెక్కేస్తే 24,000 వచ్చింది. నవంబరు నుంచి నెలకు 2,000 రెండో డబ్బాలో. సంక్రాంతికి అందులో 6,000 ఉంది, 4,800 ఖర్చయింది. ఎవరినీ అడగలేదు.

దశ 6: సంఘం లోను (నవంబరు)

కార్డు బాకీ 57,430. నెలకు 2,372 మిత్తి. ఇంటామె మహిళా సంఘంలో 50,000 లోను వచ్చే వంతు ఉంది, నూటికి రూపాయి, 24 కిస్తీలు. దాంతో కార్డు తీరిస్తే మిత్తి నెలకు 500కు దిగుతుంది. లెక్క చూస్తే ఆలోచించాల్సిందేమీ లేదు. ఆమె వారం రోజులు ఒప్పుకోలేదు.

"సంఘంల నా పేరు మీద ఇప్పటిదాంక ఒక్క కిస్తీ తప్పలేదు. నువ్వు కార్డు తీర్చినంక మళ్ల గీకినవనుకో, నేను పదిమందిలో తలెత్తుకోవాల్నా వద్దా?"

ఆమె భయం నిజమైనదే. సంఘం లోనుకు పది మంది ఒకరికొకరు బాధ్యులు. ఆగస్టులో నేను చేసింది ఆమె కళ్లారా చూసింది. పైగా ఒక అప్పుతో ఇంకో అప్పు తీర్చి, పాతదాన్ని మళ్లీ నింపుకుని రెండింటితో మునిగినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఆమె పెట్టిన షరతులు పుస్తకం మొదటి పేజీలో రాయించి నాతో సంతకం పెట్టించింది:

1. కార్డు ఆమె బీరువాలో ఉంటుంది.
2. కిస్తీ 2,354 మూడో తారీఖుకల్లా ఆమె చేతిలో ఉండాలి. మీటింగు ఐదున.
3. ఆరింటి డబ్బా ఆగితే ఆ రోజే చెప్పాలి.

కార్డును రద్దు చేయలేదు. లిమిట్ 65,000 అట్లాగే ఉంచి, వాడకం తగ్గించడం స్కోరుకు మంచిది. వాడకం లిమిట్లో 30 శాతం లోపు ఉండాలని అందరూ చెప్పే లెక్క. నాది 95 నుంచి 6కు పడింది. డిసెంబరులో కార్డు సున్నా.

మొత్తం బాకీ, నవంబరు 30: రూ. 2,81,300

దశ 7: మిత్తి లేని అప్పు (డిసెంబరు)

డిండి వైపు నుంచి ఒక మెకానిక్ అన్న, నేను ఒకే రోజు నల్లగొండలో వైరు తీసుకున్నాం. ఒకే షాపు, ఒకే కంపెనీ, ఒకే గేజి. బస్టాండ్‌లో చాయ్ తాగుతూ బిల్లులు బల్ల మీద పెట్టాం. నా బిల్లులో కిలోకు 30 రూపాయలు ఎక్కువ ఉంది. ఆయనది నగదు, నాది ఉద్దెర ఖాతా.

"నీకు తెల్వదా తమ్మీ? ఉద్దెరోళ్లకు రేటు వేరే ఉంటది" అన్నాడు ఆయన.

ఆరేళ్లుగా "మిత్తి లేకుండా ఇస్తున్నాడు, మంచివాడు" అనుకున్నాను. ఇంటికొచ్చి లెక్క కట్టాను. పని లేని నెలల్లో 15 కిలోలు తెస్తాను: 450 రూపాయలు. 27,500 మీద నూటికి 1.64. ఎండాకాలంలో 40 కిలోలు: 1,200 రూపాయలు. నూటికి 4.36. అంటే వానాకాలంలో నోటు కన్నా చౌక, ఎండాకాలంలో క్రెడిట్ కార్డు కన్నా ఖరీదు. ఒకే అప్పు, కాలాన్ని బట్టి రేటు మారుతోంది. నా పట్టికలో దాని పక్కన ఆరు నెలలుగా సున్నా రాసి ఉంది.

వెంటనే వరుస మార్చాను. నోటు పక్కన పెట్టి, సీజన్ మొదలయ్యేలోపు వైరు షాపు ఖాతా మూయాలి. డిసెంబరులో 7,500, జనవరిలో 10,000, ఫిబ్రవరిలో 10,000. ఫిబ్రవరి చివరి వారం నుంచి నగదు రేటు.

మీరు కిరాణాలోనో, ఎరువుల దుకాణంలోనో ఉద్దెర రాయిస్తుంటే ఒక్కసారి నగదు పెట్టి కొనేవాళ్ల బిల్లు పక్కన పెట్టి చూడండి.

మొత్తం బాకీ, డిసెంబరు 31: రూ. 2,68,150
జనవరి 31: రూ. 2,56,280

దశ 8: బంగారం గడువు (ఫిబ్రవరి)

బంగారం లోను మిత్తి నెలనెలా అడగరు, ఏడాదికోసారి కట్టాలి. అడగలేదు కాబట్టి నెల లెక్కలో పెట్టలేదు. ఫిబ్రవరిలో మెసేజ్ వచ్చింది, గడువు పది రోజులు, మిత్తి 7,200. కట్టకపోతే నోటీసు, తర్వాత వేలం. రెండు తులాల గొలుసు, ఇంటామె పుట్టింటిది. ఆ రోజుల టెన్షన్ ఇప్పటికీ మరచిపోలేదు. ఒక మోటారు అడ్వాన్సుతో కట్టి రెన్యూవల్ చేశాను. నెలకు 600 అప్పుడే పక్కన పెట్టి ఉంటే ఇది ఒక సంతకంతో అయిపోయే పని.

మొత్తం బాకీ, ఫిబ్రవరి 28: రూ. 2,44,390

దశ 9: సీజన్, నోటు, చెల్లు (మార్చి నుంచి మే)

మూడు నెలల్లో షాపు మిగులు 1,53,000. వెనకటి ఏడాది కూడా ఇంచుమించు ఇంతే వచ్చి ఉండాలి, ఎటు పోయిందో రాసి లేదు.

మార్చిలో బావకు 5,000 ఇచ్చి, నోటు అసలు కింద 25,000 పట్టుకుని కాక ఇంటికి పోయాను. ఆయన పైసలు లెక్కపెట్టి లోపల పెట్టబోయాడు. నోటు తెమ్మని అడిగాను.

"గిదంతా ఎందుకు బిడ్డా, మనోళ్లమే కదా. నా పుస్తకంల రాసుకుంట."

"కాకా, నోటు వెనుక చెల్లు రాస్తే ఇద్దరికీ మంచిదే. నేను కట్టిన దానికి నాకు రుజువు. నీకేమో గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తది."

అది నిజం. ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్లు. ఆ లోపు కొంత కట్టి, కట్టినవాడు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. మా నోటు రెండేళ్ల ఏడు నెలలది. ఆ మాట వినగానే ఆయనే లేచి పెట్టె తెరిచాడు. వెనుకవైపు తారీఖు, అంకెల్లో, అక్షరాల్లో మొత్తం, "అసలు కింద" అనే మాట, కింద ఇద్దరి సంతకాలు. "అసలు కింద" అని రాయడం మరవద్దు. లేకుంటే అది మిత్తి కింద పోయిందంటే మన దగ్గర జవాబుండదు. రాసింది ఫొటో తీసుకున్నాను.

ఏప్రిల్‌లో 30,000, మేలో 30,000. మిత్తి నెలకు 2,000 నుంచి 300కు వచ్చింది. ఇంకో 8,000 ఆపద కోసం పక్కన పెట్టాం.

మార్చి 31: రూ. 2,12,480
ఏప్రిల్ 30: రూ. 1,80,550
మే 31: రూ. 1,48,600

స్కోరు కొలతలో ఒక పొరపాటు జరిగింది. మార్చిలో ఒక యాప్ 718 చూపిస్తే ఇంట్లో అందరికీ చెప్పాను. అది వేరే సంస్థ స్కోరు. సిబిల్ స్కోరు బ్యాంకు యాప్‌లో చూస్తే 689. నాలుగు సంస్థలూ వేరువేరుగా లెక్క కడతాయి. ఏ మీటరుతో మొదలుపెట్టామో దాంతోనే చివరిదాకా కొలవాలి. ఇంకో సంగతి, 2025 జనవరి నుంచి బ్యాంకులు నెలకోసారి కాకుండా పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలని నియమం వచ్చింది. కట్టింది రిపోర్టులో త్వరగా కనబడుతోంది. ఆలస్యం చేస్తే అదీ అంతే త్వరగా కనబడుతుంది.

దశ 10: జూన్, బడి ఫీజు

దసరా నుంచి నేర్చుకున్నానని అనుకున్నాను. పండుగలకు డబ్బా పెట్టి బడికి పెట్టలేదు. ఇద్దరు పిల్లల ఫీజు, పుస్తకాలు, యూనిఫాం కలిపి 18,500. ఆపద పైసలు 8,000 పోయాయి. మిగతా 10,500కు ఇంటామె బీరువా తాళం తీసి కార్డు తనే ఇచ్చింది.

ఈసారి కార్డు బాకీ సున్నా ఉంది కాబట్టి మిత్తి లేని గడువు వర్తించింది. బిల్లు జులైలో వచ్చింది, గడువుకు రెండు రోజుల ముందు మొత్తం 10,500 కట్టేశాను. మినిమమ్ డ్యూ అని పక్కన చిన్న అంకె చూపిస్తుంది, దాని జోలికి పోలేదు. మిత్తి ఒక్క రూపాయి పడలేదు. ఆగస్టులో ముంచిన కార్డు ఇదే.

మొత్తం బాకీ, జూన్ 30: రూ. 1,57,130. ఒక నెలలో 8,530 పెరిగింది.

మార్చింది: ఏడాదికోసారి వచ్చేవన్నీ ఒకేచోట రాశాం. పండుగలు 24,000, బడి 18,500, బంగారం మిత్తి 7,200, బండి ఇన్సూరెన్సు, సర్వీసు 2,300. మొత్తం 52,000. పన్నెండుతో భాగిస్తే 4,333. జులై నుంచి నెలకు 4,350 వేరే ఖాతాలో. దీనికి చోటు కావాలంటే ఇంటి ఖర్చు 15,500కు రావాలి. చాయ్ నగదుకు మార్చాం, కిరాణా నెలకోసారి తెస్తున్నాం, మూడు రీచార్జిల్లో ఒకటి ఆపేశాం.

మొత్తం బాకీ, జులై 31: రూ. 1,44,640

దశ 11: ఆగస్టు 2025

శ్రావణమాసం పెళ్లిళ్ల బ్లౌజులతో ఇంటామె 9,200 సంపాదించింది. ఆ నెల నోటు తీరింది అంటే అది ఆమె వల్లే. 24న మిగిలిన 15,000, మిత్తి 300 పట్టుకుని ఇద్దరం పోయాం. నాలుగో చెల్లు రాసి, దాని కింద "పూర్తి చెల్లు" అని కాక చేత రాయించి, ముందు వైపు రెవెన్యూ స్టాంపు మీద ఉన్న నా సంతకానికి అడ్డంగా గీత కొట్టించి నోటు వెనక్కి తీసుకున్నాం. చింపేయమన్నాడు. చింపలేదు, జాబ్ కార్డుల ఫైల్లో పెట్టాను.

సిబిల్ స్కోరు 731.

మిగిలినవి:

1. బంగారం 80,000. నెలకు 600 మిత్తి ఇప్పుడు ముందే పక్కకు పోతోంది. 2026 ఎండాకాలం మిగులు మొత్తం దీనికే.
2. సంఘం 32,630. ఇంకో 15 కిస్తీలు.
3. బావకు 15,000. ఆయన అడగడు, అందుకే అక్టోబరు నుంచి నెలకు 2,500 ఇస్తానని తారీఖుతో సహా రాసిచ్చాను.

మొత్తం బాకీ, ఆగస్టు 31, 2025: రూ. 1,27,630
తీరింది: రూ. 1,78,120
వార్నిష్ డబ్బాలో ఈ సాయంత్రం వేసింది: రూ. 200